గాజుకు చిల్లు పెట్టే డోలోరెస్

టొలీడో ఊళ్ళో చేపల తొట్టికి చిల్లు పెట్టించాలంటే జనం దుకాణానికి పోరు. పోయినా లాభం లేదు, "పగిలితే మా పూచీ కాదు" అని దుకాణంవాడు ముందే చేతులు దులుపుకుంటాడు. అందుకే తిన్నగా లాగ్రేంజ్ వీధి వెనకున్న డోలోరెస్ కుజావా ఇంటికి వస్తారు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి. ఒళ్ళు పొట్టి, నోరు పొడుగు. పదో తరగతి మధ్యలో బడి మానేసింది, పందొమ్మిదో ఏట కారు అద్దాల ఫ్యాక్టరీలో చేరింది. ముప్ఫై నాలుగేళ్ళు అక్కడే గాజు కోసింది, అంచులు నూరింది, చిల్లులు పెట్టింది. తనకంటే చదువుకున్నవాళ్ళు తనకంటే ఎక్కువ గాజు పగలగొట్టారని ఆమే చెబుతుంది, మీరు అడక్కపోయినా.

ఫ్యాక్టరీ వాళ్ళు ఆమె పనిచేసే విభాగాన్ని మూసేసి ఇంటికి పంపినప్పుడు ఆమెకి యాభై మూడు. చేతులకు పని లేకపోతే మనిషి తనకు తానే ఎంత బరువవుతుందో ఆ రెండేళ్ళలో తెలిసింది. వంటగదిలో సరుకులు సర్దడం, సర్దినవే మళ్ళీ సర్దడం. అలాంటి రోజుల్లో ఒక నర్సమ్మ ఖాళీ తొట్టిని కారులో వేసుకుని వచ్చి, "గాజుకు చిల్లు పెడతారటగా?" అని అడిగింది. తొట్టిలో నీళ్ళు వెనక చిల్లులోంచి వాటంతటవే కింది తొట్టిలోకి దిగాలట, అక్కడ శుభ్రపడి మోటారుతో మళ్ళీ పైకెక్కాలట. డోలోరెస్ చిల్లు పెట్టి పంపింది. ఆ నర్సమ్మ ఇంకొకరికి చెప్పింది, వాళ్ళు మరొకరికి. ఊళ్ళో చేపల పిచ్చివాళ్ళు ఇంతమంది ఉన్నారని డోలోరెస్‌కి అప్పుడే తెలిసింది. ఆ పిచ్చి తనను బతికించిందని మనసులో ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకుందో. పైకి మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. థాంక్స్ అనే మాట ఆమె నోట్లోంచి రావడం కంటే ఆమె కారు మొదటిసారికే స్టార్టవడం తేలిక.

పోయిన ఏప్రిల్‌లో ఎల్డన్ రీకర్ ఫోన్ చేశాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఒక్కడే ఉంటాడు. అతని దగ్గర ఏడు లోచ్ చేపలున్నాయి, నారింజ రంగు ఒంటి మీద నల్ల పట్టీలు. ఇరవై ఒక్కేళ్ళుగా పెంచుతున్నాడు. పాత తొట్టి అతుకు విడిపోయి నీళ్ళు కారిపోతుంటే, చేపల్ని రెండు ప్లాస్టిక్ చెత్త డబ్బాల్లోకి మార్చాడు. ఎవరో వాడి వదిలేసిన ఆరడుగుల తొట్టి ఒకటి దొరికింది. అది పగిలితే ఇంకోటి లేదు. చేపలు డబ్బాల్లో ఇంకో రెండ్రోజులకు మించి ఆగవు.

డోలోరెస్ డ్రిల్లు పట్టుకుని వెళ్ళేసరికి ఎల్డన్ గరాజ్‌లో గర్వంగా నిలబడి ఉన్నాడు. తొట్టి కోసం బల్ల తనే చేశాడు. పైపులు దిగడానికి పైచెక్కలో రెండు గుండ్రటి కంతలు కోశాడు. తొట్టి అడుగుకి నున్నగా నల్లరంగు కూడా వేశాడు.

"అడుగున పెట్టండి డోలోరెస్‌గారూ, సరిగ్గా ఈ కంతల మీదకి."

ఆమె తొట్టిని పక్కకు వాల్పించి అడుగంతా తడిమింది. "ఇక్కడ కాగితం ఒకటి అంటించి ఉండాలే?"

"ఉంది. రంగుకు అడ్డమొస్తోందని పీకేశా."

"చదివావా?"

"కళ్ళజోడు లోపలుంది."

"బస్సు కూడా ఇలాగే నడిపావా? పిల్లలు అదృష్టవంతులు."

ఆమె బ్లేడుతో అరచేయంత మేర రంగు గీకేసింది. ఎల్డన్‌కి అప్పుడే పుట్టిన బిడ్డను గీరినట్టైంది. "రెండు పూటలు పట్టిందండీ ఆ రంగుకి!"

"నీ టోపీ మీద ఆ నల్లద్దాలేంటి?"

"నదిలో వాలై చేపలకు వెళ్ళేటప్పుడు పెట్టుకునేవి. నీళ్ళ మీద మెరుపు కొట్టకుండా."

"నదిలో చేపల్ని వేయించుకు తింటావు, ఇంట్లో చేపలకు హీటరు పెడతావు. సరే, ఇటివ్వు. నీ ల్యాప్‌టాప్ కూడా తే."

ల్యాప్‌టాప్ తెరను తెల్లగా వెలిగించి తొట్టి లోపల పెట్టి, నల్లద్దాలతో బయటినించి చూస్తూ తల మెల్లగా పక్కకు వంచింది. అలా వంచితే ఒక వాటంలో తెర నల్లబడుతుంది. మామూలు గాజులోంచైతే ఆ నలుపు ఒకే తీరుగా ఉంటుంది. కాల్చి గట్టిపరిచిన టెంపర్డ్ గ్లాసైతే మచ్చలు మచ్చలుగా వెలుగుతుంది. ఆమె అద్దాలు తీసి అతనికిచ్చింది.

"మచ్చలున్నాయి," అన్నాడు ఎల్డన్. వెంటనే, "మీరు గీకినప్పుడు పడ్డ గీతలేమో," అన్నాడు.

"గీతలకి చుక్కలుంటాయా? నువ్వు పీకేసిన కాగితం చెప్పేదీ ఇదే. డ్రిల్లు తగిలితే ఇది పగుళ్ళివ్వదయ్యా. ఒక్క ఊపిరిలో మొత్తం కలకండ పలుకులైపోతుంది. తర్వాత ఊడ్చుకోవడమే."

"బల్లకు కంతలు కోసేశాను కదా."

"వాటిలో కాఫీ కప్పులు పెట్టుకో."

ఎల్డన్ తన డ్రిల్లు అందుకున్నాడు, నేనే పెడతానన్నట్టు. డోలోరెస్ అడ్డుపడలేదు. అతని తల ఇంటి లోపల చేపలున్న చెత్త డబ్బాల వైపు తిరిగింది. ఆ తర్వాత డ్రిల్లు కింద పెట్టాడు.

వెనక అద్దాన్నీ అలాగే చూశారు. నలుపు ఒకే తీరుగా ఉంది, ఒక్క మచ్చా లేదు. "దీనికి పెడతాను. తొట్టిని గోడకు జానెడు ఎడంగా జరుపుకో, పైపులు వెనక నించి దిగుతాయి," అంది.

తొట్టిని దుప్పట్ల మీద బోర్లించి, వెనక అద్దం పైకి వచ్చేలా పడుకోబెట్టారు. చిల్లు పడే చోట లోపలివైపు టేపు అతికించింది. పైన మెత్తటి పుట్టీతో చిన్న గట్టు కట్టి అందులో నీళ్ళు పోయించింది. డ్రిల్లుకి తొడిగిన, వజ్రపు పొడి అద్దిన గుండ్రటి రంపాన్ని వాల్చి పెట్టి, గాజు మీద నెలవంకంత గాటు పడ్డాక మెల్లగా నిటారు చేసింది.

"ఇంకాస్త నొక్కితే తొందరగా అవుతుంది కదండీ?"

"డ్రిల్లుకి దాని బరువు దానికుంది. నీది కలపకు."

ఆ మాట ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ యాషిన్‌స్కీ పందొమ్మిదేళ్ళ డోలోరెస్‌కి చెప్పింది. చేయి పట్టి నేర్పినాయన. అప్పట్లో ఆయన్ని మొండి ముసలాడని తిట్టుకునేది. ఇప్పుడు డ్రిల్లు పట్టిన ప్రతిసారీ, నీ చలవే అనుకుంటుంది.

మొదటి చిల్లు ఎనిమిది నిమిషాల్లో దిగింది. పాలలాంటి నీళ్ళ కింద గాజు బిళ్ళ టేపు మీదకి జారింది. రెండోది సగంలో ఉండగా డ్రిల్లు కూత మారింది. ఆమె గబుక్కున ఆపేసింది.

"ఏమైంది?" ఎల్డన్ గొంతు కీచుమంది.

"గట్టు తెగింది. నీళ్ళు పోయాయి. గాజు వేడెక్కుతోంది."

"పగిలిందా?"

"నోరు మూసుకుని ఊపిరి పీల్చుకో."

చల్లటి నీళ్ళు పోయలేదు, వేడి గాజు దెబ్బతింటుందని. చేత్తో తాకుతూ, అదే చల్లారేదాకా పావుగంట కూర్చుంది. గోరుతో అంచు చుట్టూ వెతికింది. పగులు లేదు. మళ్ళీ గట్టు కట్టి, ఈసారి ఇంకా మెల్లగా, బిళ్ళ జారేదాకా దించింది. ఎల్డన్ నేల మీద కూలబడి చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. డోలోరెస్ అటు చూడకుండా పుట్టీ ఏరుకుంది.

సాయంత్రంలోగా పైపులు, మరలు బిగించి నీళ్ళు నింపారు. చుక్క కారలేదు. చేపలు పాత నీళ్ళతో సహా కొత్తింట్లోకి వచ్చాయి.

మర్నాడు పొద్దున్న, దారిలో పనుందని వంక పెట్టుకుని ఆమె చూడ్డానికి వెళ్ళింది. తొట్టిలోకి తొంగి చూసింది. ఏడు చేపలూ ఇసక మీద పక్కకు ఒరిగి పడి ఉన్నాయి.

"ఎల్డన్! చచ్చిపోయాయయ్యా! నా చిల్లు వల్లే ఏదో..."

ఎల్డన్ కాఫీ చేత్తో వచ్చి చూసి పడీ పడీ నవ్వాడు. "నిద్రపోతున్నాయండీ! ఇవి ఇలాగే పడుకుంటాయి. భయంగా ఉంటే బొక్కల్లో దూరతాయి. ఒళ్ళు పారేసుకుని పడుకున్నాయంటే ఇల్లు నచ్చినట్టు." వేలితో గాజు మీద తట్టాడు. పెద్దది ఒక కన్ను తిప్పి చూసి, మళ్ళీ ఒరిగింది.

డోలోరెస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడింటినీ ఒక్కొక్కటిగా చూసుకుంది.

"థాంక్స్ ఎల్డన్," అంది.

"నాకెందుకండీ? మీకు చెప్పాల్సింది నేను."

"నువ్వు నిన్న చెప్పావుగా, ఒకటే చెప్పడం. ఇది నా వంతు. మీ చేపల పిచ్చి లేకపోతే నా చేతులకు పనేదీ? ఆ కాఫీ ఇటివ్వు."

అతను ఇంకో కప్పు తేవడానికి వెళ్ళాడు. ఆమె గాజుకు మొహం దగ్గరగా పెట్టి, చేపలు లేవకుండా, మెల్లగా ఊపిరి పీలుస్తూ కూర్చుంది.