నర్సమ్మ ముందు తుమ్మకండి

జ్వరం వచ్చినవాళ్ళని చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. మా ఊరి నర్సు లక్ష్మణమ్మకు ఒళ్ళు మండేది. నరసన్నపేటకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో ఆవిడ ఇరవై ఏళ్ళ పైనుంచీ పని చేస్తోంది. దానికి సరిగ్గా ఎదురుగా నా మందుల షాపు. కాబట్టి ఆవిడ తిట్లన్నిటికీ నేను రోజువారీ శ్రోతని.

మనిషి ఒంట్లో జబ్బులతో పోరాడే తెల్లకణాలకి జనం బొత్తిగా మర్యాద ఇవ్వడం లేదని ఆవిడ కోపం. ఒకసారి రైతు అప్పలసూరి పడిశెం పట్టిన మర్నాడు పొద్దున్నే సూది వెయ్యమని వచ్చాడు. నిలబెట్టి వాయించింది.

"ఒళ్ళు కాల్తన్నాదంటే ఏటనుకున్నావ్? నీ ఒళ్ళే కావాలని కాస్తన్నాది. ఆ వేడికి లోపలికొచ్చిన పురుగు బేగి పెరగలేదు. నీ ఒంట్లో తెల్లకణాలున్నాయి, ఆల్ల పని ఆల్లని సెయ్యనీ. గంజి తాగి పడుకో. మూడ్రోజుల్లో తగ్గకపోయినా, ఆయాసమొచ్చినా అప్పుడు రా."

సూది సంగతేమిటని అతను గొణిగాడు. ఆ సూది జబ్బుకి కాదు, నీ సరదాకి అని పంపేసింది.

సోములు మోకాలి మీద పుండు చీము పట్టిందని మొహం వికారంగా పెట్టినప్పుడైతే ఆవిడ మరీ మండిపడింది. "ఆ సీములో ఉన్నది నీ కోసం కొట్లాడి సచ్చిపోయినోల్లురా. మొకం అలాగెడతావేటి? దండమెట్టు."

సోములు తన మోకాలికి తనే దండం పెట్టుకోవడం నేను షాపులోంచి కళ్ళారా చూశాను. తర్వాత ఆవిడే పుండు కడిగి, కట్టు కట్టి, డాక్టరుకి చూపించుకోమని చీటీ రాసి పంపింది. తిడుతూనే రాసింది.

నాకూ ఆవిడకీ అసలు పడేది కాదు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇచ్చానని తెలిస్తే చాలు, రోడ్డు దాటి వచ్చేది. వైరస్ జ్వరానికి ఆ బిళ్ళ పనికిరాదని నా కౌంటరు ముందే నిలబడి నా గిరాకీలకే పాఠం చెప్పేది. తప్పు నాదేనని నాకు తెలుసు. తెలిసినకొద్దీ కోపం పెరిగేది.

ఇదంతా భరించాం. మూడేళ్ళ కిందట మాత్రం ఆవిడ హద్దు దాటింది. మేముండే కొత్తవీధి మొదట్లో పొద్దునా సాయంత్రం నిలబడి, దగ్గుతూ వచ్చేవాణ్ణి వచ్చిన దారినే పంపడం మొదలుపెట్టింది. తట్టు టీకా ఎగ్గొట్టిన పిల్లల ఇళ్ళకెళ్ళి అరుగు మీద కూర్చుంటే, వేయిస్తామని ఒప్పుకునేదాకా లేచేది కాదు. చేపలమ్మే కూర్మమ్మ ఒక్క తుమ్ము తుమ్మినందుకు గంప వీధి బయటే దింపించింది.

సరిగ్గా అప్పుడే మా మనవరాలి అన్నప్రాసన. లక్ష్మణమ్మ పిలవకుండానే వచ్చి, పందిరి దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి పిల్లనీ టీకా కార్డు అడిగింది. బొబ్బిలి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మా అబ్బాయి బావమరిది ఉమాశంకర్ ఒకే ఒక్కసారి దగ్గాడు. విస్తరి బయటికే పంపిస్తానని చెప్పి అతన్ని ఆపేసింది. మేనమామ చేత పాయసం తినిపించుకోవాల్సిన పిల్ల పందిట్లో, మేనమామ వీధి బయట ఆగిన ట్రాక్టరు తొట్టిలో. మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇక ఊరుకోలేదు. పై అధికారికి ఫిర్యాదు రాసి, వీధంతా తిరిగి సంతకాలు పెట్టించాను. గంటలో ముప్పై ఎనిమిది పడ్డాయి. కూర్మమ్మ వేలిముద్ర రెండుసార్లు వేసింది.

వీధి చివరి ఇల్లు అనూరాధది. కాగితం చదివి నా చేతిలోనే పెట్టేసింది.

"నాను ఎట్టలేను మావా."

ఎందుకని అడిగాను. కోపంగానే అడిగాను.  ఆమె నా చేత చేతులు కడిగించి, మాస్కు ఇచ్చి, లోపలి గది గుమ్మం దాకా రానిచ్చింది. ఆమె కూతురు ఆరేళ్ళ దుర్గాభవాని, పొందూరులో అమ్మమ్మ దగ్గర చదువుకుంటోందని మేమంతా అనుకుంటున్న పిల్ల, మంచం మీద కూర్చుని బొమ్మకి రంగులేస్తోంది. తల మీద ఒక్క వెంట్రుక లేదు.

రక్తంలో కాన్సరట. విశాఖలో వైద్యం జరుగుతోంది, నయమవుతుందని డాక్టర్లు ధైర్యం చెప్పారు. కానీ ఆ మందులు జబ్బుతో పాటు మంచి తెల్లకణాలనీ తుడిచేస్తాయి. అంతకుముందు వేసిన టీకాల బలమూ పోవచ్చు. వైద్యం అయ్యేదాకా తట్టు టీకా మళ్ళీ వెయ్యకూడదు. చుట్టూ ఉన్నవాళ్ళు జబ్బు మోసుకురాకపోవడమే ఆ పిల్లకి రక్ష.

ఊళ్ళో ఒక్క మాట చెప్పొచ్చు కదా అన్నాను.

"సెప్తే ఆగుతారేటి? ఊరు ఊరంతా పరామర్శకొస్తాది, బత్తాయిల తోటీ దగ్గుల తోటీ. నర్సమ్మే వద్దంది. తిట్లు నాను తింటాను, నువ్వు గుంటని సూసుకో అంది."

ఆవిడ మీదున్న కోపమంతా నా మీదికే తిరిగింది. తిన్నగా ఉపకేంద్రానికి వెళ్ళి, పాపని చూశానని చెప్పి, ఫిర్యాదు ఆవిడ ముందు పెట్టాను. లక్ష్మణమ్మ కళ్ళజోడు పెట్టుకుని, నన్ను తిట్టకుండా, సంతకాల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టుకుంటూ పోయింది. ఏడింటికి సున్నా చుట్టింది.

"ఈల్ల గుంటలకి ఇంకా టీకా పడలేదు. నా మాట ఇనలేదు. నీ మాటింటారు కావాల, సూడు."

విన్నారు. పిల్లల టీకా కార్డు జత చెయ్యకపోతే ఫిర్యాదు చెల్లదట అని ఇంటింటికీ చెప్పాను. లక్ష్మణమ్మ మీద కసితో ఏడుగురూ పరుగున వెళ్ళి, ఆవిడ చేతే పిల్లలకి టీకాలు వేయించుకున్నారు. ఫిర్యాదు ఏమైందంటే పరిశీలనలో ఉందనేవాణ్ణి. ఆ చలికాలం పక్క ఊళ్ళో తట్టు లేచింది. మా వీధికి రాలేదు.

వైద్యం ముగిసి, విశాఖ డాక్టర్లు సరేనన్నాక, దుర్గాభవానికి టీకాలన్నీ మళ్ళీ లక్ష్మణమ్మే వేసింది. అప్పుడు అనూరాధే ఊళ్ళో చెప్పుకుంది. ఉమాశంకర్ బొబ్బిలి నుంచి ఫోన్ చేసి, తను తొట్టిలో తినడం మంచిదే అయిందన్నాడు.

మొన్న ఆ పిల్ల బడి నుంచి వస్తూ నా షాపు ముందు వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది. నేను గబగబా సిరప్ సీసా తీశాను. దుర్గాభవాని ముక్కు తుడుచుకుని నన్ను గుర్రుగా చూసింది.

"దాసేయ్ తాతా. నా ఒంట్లోవోల్లు పనిమీదున్నారు."