వాల్వుకి ఇత్తడి మెడ

అయిదు రూపాయల పనిని రెండున్నరకి చేయించినవాణ్ణి నేను. బెజవాడ వన్ టౌన్ మొత్తం మీద ఆ లేతు మిషను సాయిబు గారి చేత సగానికి సగం తగ్గించినవాడు ఇంకొకడు లేడు. ఆ తగ్గింపుతోనే మా బావని చెరుకు బండి కింద పడేశాను.

డెబ్బైల మొదట్లో మాట. మాది ఇనప సామాన్ల కొట్టు. కొట్టుకి ఒక పాత మోటార్ సైకిల్ ఉండేది. మా అక్క మొగుడు వారానికి రెండుసార్లు దాని మీద ఉయ్యూరు దాకా వెళ్ళి, దారి పొడుగునా కొట్లవాళ్ళ దగ్గర ఆర్డర్లు రాసుకొచ్చేవాడు. బండి మంచిదే గానీ వెనక చక్రానికి గాలి చూడ్డం నరకం. వాల్వు ఒక పక్క బ్రేకు డ్రమ్ముకీ, ఇంకో పక్క చైను చక్రానికీ మధ్య ఊచల్లో ఇరుక్కుని ఉండేది. గాలి షాపువాడి గొట్టం అక్కడ పట్టేది కాదు. చెయ్యి దూర్చి వంకరగా నొక్కితే ఎక్కే గాలి కంటే పోయే గాలే ఎక్కువ. పైగా సైలెన్సరు చెయ్యి కాల్చేది.

"ఒరే బామ్మర్దీ, మీ కొట్టు జీతంలో బర్నాల్ మందు ఖర్చు కూడా కలిపారా లేదా?" అని బావ మణికట్టు మీద బొబ్బ చూపించేవాడు. చివరికి టైరుని కాలితో ఒక తన్ను తన్ని, బాగానే ఉందని బయల్దేరడం అలవాటు చేసుకున్నాడు.

సాయిబు గారు బండి చూసి ఉపాయం చెప్పాడు. వాల్వుకి వంపు తిరిగిన ఇత్తడి గొట్టం ఒకటి బిగించి మూతి బయటికి తేవాలి. గొట్టం మెడని ఒక పట్టీతో ఊచకి కట్టాలి. అయిదు రూపాయలు.

మర్నాడు పొద్దున్నే ఆయన తలుపు చెక్కలు తీస్తుండగా వెళ్ళాను. మొదటి బేరం వెనక్కి పంపితే రోజంతా గిరాకీ ఉండదని మా వీధిలో అందరికీ పట్టింపు, సాయిబులకైనా కిరస్తానీలకైనా. అందుకే నేను ఏది కొన్నా ఆ వేళకే వెళ్ళేవాణ్ణి.

"రెండున్నర, సాయిబు గారూ. బోణీ మరి."

"ఇత్తడికే రెండవుతుంది బాబూ."

"అయితే వస్తానండీ."

నాలుగడుగులు వేశానో లేదో పిలిచాడు. సాయంత్రం గొట్టం చేతిలో పెడుతూ అన్నాడు: "ఈ ధరకి పట్టీ రాదు. గాలి చూసుకోగానే విప్పేయండి. ఇది ఉంచి బండి నడపకండి. చక్రం తిరుగుతుంటే ఊగి ఊగి వాల్వుని మొదలంటా పీకేస్తుంది."

ఇంకో రెండున్నర లాగడానికి ఎంత పనితనంగా బెదిరిస్తున్నాడో అని ముచ్చటపడ్డాను. మా నాన్న రోజుకి పదిమందిని అలాగే బెదిరించేవాడు, ఈ మడత బందు వేస్తే తలుపు నిలవదు, పై రకం తీసుకోండి అని. అమ్మేవాడు ఒక్కోసారి నిజం కూడా చెబుతాడని మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

బావ మురిసిపోయాడు. "చెయ్యి కాలకుండా గాలి చూడొచ్చన్నమాట! ఎంతరా?"

"అయిదన్నాడు. రెండున్నర ఇచ్చాను."

"పాపం, ఆయన పీక మీద కూచున్నావన్నమాట."

విప్పేయాలన్న సంగతి చెప్పలేదు. చెబితే బేరం గొప్ప సగం తగ్గిపోతుంది కదా.

బావ గొట్టం ఉంచే బండి నడిపాడు. రెండు వారాలు ఏమీ కాలేదు. మూడో వారం, ఉయ్యూరు రెండు మైళ్ళుందనగా వెనక టైరు గాలి ఒక్కసారిగా పోయింది. చక్కెర ఫ్యాక్టరీ ఆడే రోజులు, రోడ్డు నిండా చెరుకు బళ్ళు. బండి పక్కకి జారింది. నిండు లోడుతో ఉన్న ఎడ్లబండి చక్రం బావ కుడికాలి మీదుగా వెళ్ళింది. బెజవాడ తీసుకొచ్చాక ఆస్పత్రిలో మోకాలి కింద తీసేశారు.

ట్యూబు నేను చూశాను. వాల్వు మొదట్లో చీలింది. ఇత్తడి మెడ దానికే వేలాడుతోంది.

"చేసినవాడు ఒక్క మాటైనా చెప్పలేదట్రా?" అంది అక్క.

"లేదక్కా." కొట్లో కొన్న ధర చెప్పినంత తేలిగ్గా వచ్చింది నోటికి.

అక్క తిట్టిన తిట్లు వీధిలోకి పాకాయి. జనం సాయిబు గారి గుమ్మం తొక్కడం మానేశారు. పదో రోజున ఆయనే బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు.

"ఒక్క మాట చెబితే ఏం పోయేదండీ?" అన్నాడు బావ.

"చెప్పాను బాబూ. వీరికే చెప్పాను, విప్పేయమని."

అక్క నా మొహంలోకి చూసింది. బేరంలో మొహం చదవనివ్వకపోవడం నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య. ఆ పూట అదీ పనిచేయలేదు.

"నిజమేనా?" అన్నాడు బావ.

"నిజమే బావా. డబ్బుల కోసం అంటున్నాడనుకున్నాను."

బావ గోడవైపు తిరగబోయాడు. అదీ ఒకరు పట్టుకుంటే గానీ కాలేదు. నేను చెయ్యి వేయబోతే అక్క నెట్టేసి తనే తిప్పింది.

ఇక లెక్క. మిగిల్చింది రెండున్నర. ఇల్లిల్లూ తిరిగి నిజం చెప్పాను గానీ సగంమందే నమ్మారు, సాయిబు గారు ఏడాది తిరక్కుండా మిషను అమ్ముకుని వెళ్ళిపోయాడు. ఊళ్ళు తిరిగే బావ కొట్లో గల్లాపెట్టె పక్కన కూర్చుండిపోయాడు. అక్క నాతో 'అన్నం పెట్టనా' కంటే పొడుగు మాట మళ్ళీ అనలేదు. తప్పుని రోడ్డుకీ చెరుకు బండికీ కూడా కొంత పంచి నా వాటా తగ్గించాలని మావాళ్ళు చూశారు. నేను ఒప్పుకోలేదు. రోడ్డు అంతకుముందూ ఉన్నదే, చెరుకు ఏటా వచ్చేదే. ఆ కాలు మొత్తం నా లెక్కలోనిదే.