గుప్పెడు బువ్వ, రెండు గంటెల కూర

పసుపు ఉడికించే కడాయి కింద మండుతున్న కట్టె జారి రత్నవ్వ పాదం మీద పడింది పుష్యమాసంలో. శివరాత్రి దాటినా ఆ పుండు మానలేదు. ఆకుపసరు పోశారు. ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించారు. చివరికి హన్మాండ్లు ఆమెను బస్సెక్కించి నిజామాబాద్ తీసుకుపోయాడు. అక్కడి లేడీ డాక్టర్ పరీక్షల కాగితం చూసి, "షుగర్ ఉందమ్మా నీకు. బాగానే ఉంది" అంది.

బాగానే ఉందంటే మంచిదేమో అనుకుంది రత్నవ్వ ఒక క్షణం.

అది ఎనభై ఆరో సంవత్సరం. రత్నవ్వకు అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. ఆర్మూర్ దాటి అంకాపూర్ పోయే తోవలో వాళ్ల ఇల్లు. మూడెకరాల పసుపు, ఒక ఎకరం మక్కజొన్న. ఇంట్లో భర్త హన్మాండ్లు, అత్త ముత్తవ్వ, ఒక్కడే కొడుకు దేవరాజు. అంతే మనుషులు.

"రోజూ ఏం తింటవమ్మా?" అనడిగింది డాక్టర్.

"ఏం తింటమమ్మా, పొద్దుగాల మక్క గట్క. పగటీలి బువ్వ. రాత్రికి బువ్వ."

"కూర?"

"ఉంటే జరంత."

"దాన్ని తిరగెయ్యాలి ఇప్పుడు. బువ్వ గుప్పెడే. కూర రెండు మూడు గంటెలు. గుడ్లు తిను, ఆకుకూర తిను, బీరకాయ, సొరకాయ తిను. కోడి కోస్తే తునకలు తిను. గట్క బంద్, ఆలుగడ్డ బంద్, చాయ్‌ల చక్కెర బంద్. గోలీలు ఒక్కటే మింగి బువ్వ గట్లనే తింటే లాభం లేదు."

ఆ మాటలు హన్మాండ్లు వినలేదు. దవాఖాన బయట చాయ్ తాగుతున్నాడు. బస్సులో రత్నవ్వ మొత్తం చెబితే, "సరే, చేద్దాం తియ్" అన్నాడు కిటికీలోంచి బయటకు చూస్తూ.

ఆ ఇంట్లో బువ్వకు లెక్క లేదు. ఎంతైనా పెట్టుకోవచ్చు. లెక్కంతా కూరకే. కూరగిన్నె ముత్తవ్వ పక్కన ఉంటుంది, గంటె ఆమె చేతిలో ఉంటుంది. ముందు హన్మాండ్లుకు, తర్వాత దేవరాజుకు. ఆడవాళ్ల వంతు వచ్చేసరికి గిన్నె అడుగున మిగిలిన పులుసు బువ్వ మీద పోసుకుని కడుపు నింపుకోవాలి. కోడి కోసిన రోజైతే తునకలు మగవాళ్లకు, షోర్వా ఆడవాళ్లకు. ముత్తవ్వ తను కూడా అట్లాగే తినేది, అందుకే అందులో అన్యాయం ఉందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

నిజామాబాద్ నుంచి వచ్చిన సాయంత్రం రత్నవ్వ కంచంలో గుప్పెడు బువ్వ పెట్టుకుని కూర్చుంది. చిక్కుడుకాయ కూర. ముత్తవ్వ ఒక గంటె వేసింది.

"అత్తా, ఇంకో రెండు గంటెలెయ్యి. డాక్టరమ్మ చెప్పింది, బువ్వ తక్కువ తిని కూర ఎక్కువ తినాలంట."

ముత్తవ్వ గంటె పట్టుకుని అట్లాగే చూసింది. "కూరతోనే కడుపు నింపుకుంటవా? గంత కూర మొగోళ్లు గూడ తినరు. రేపు పొద్దుగాలకు వాండ్లకేం పెట్టాలె?"

"షుగరున్నది గదా అత్తా."

"ఏం షుగరో ఏమో. మా కాలంల కూర ముక్కలకు ఏడ్చేటోళ్లు పిల్లలు. పెద్దోళ్లు గాదు."

రత్నవ్వ ఆ గుప్పెడు బువ్వ, ఒక గంటె కూర తిని లేచింది. పొద్దున మక్కరవ్వ గట్క వద్దని మజ్జిగ తాగి చేనుకు పోయింది. పది గంటలకు కళ్లు తిరిగి గట్టు మీద కూర్చుండిపోయింది. వారం రోజులు అట్లాగే గడిచాయి. ఈలోగా వాడకట్టులో మాట పుట్టింది, రత్నవ్వకు బువ్వ పడతలేదట, తునకలు కావాలంటున్నదట అని. బావి దగ్గర ఒకామె నవ్వుతూ, "ఏం దొరసానీ, ఇయ్యాల కోడి కోసిండ్రా?" అనడిగింది. రత్నవ్వ నీళ్లు తెచ్చుకుని ఇంటికి వచ్చేసింది.

అప్పుడే పుట్టింటి నుంచి రెండు కోడిపెట్టలు తెచ్చుకుంది. కోళ్లు ఆమెవే గాని గుడ్లు ఆమెవి కాలేదు. దేవరాజు పదో తరగతి చదువుతున్నాడు, వానికి బలం కావాలని ముత్తవ్వ పొద్దున్నే గంప కింద చెయ్యి పెట్టి తీసేది. కొడుకు తింటుంటే కాదనడానికి రత్నవ్వకు నోరు రాలేదు.

మరుసటి ఏడు పసుపు ఉడికించే రోజులొచ్చాయి. చేనులో పెద్ద కడాయి పెట్టారు, పొగలు లేస్తున్నాయి. తవ్విన కొమ్ములు కుప్పలుగా పడి ఉన్నాయి. రత్నవ్వ ముత్తవ్వ కంటే ముందే లేచి రెండు గుడ్లు కొంగున దాచి తెచ్చేది. పాత గుడ్డలో మూటగట్టి ఉడుకుతున్న పసుపు మధ్యకు దించేది. పెంకు పచ్చగా మారేది, గుడ్డుకు మట్టి వాసన పట్టేది. ఎండుటాకుల కుప్ప వెనక కూర్చుని ఉప్పద్దుకుని గబగబా తినేది. కూలికి వచ్చిన వెంకవ్వ ఒకసారి చూసి మొహం అటు తిప్పుకుంది, ఎవరితో అనలేదు. ఆ వారం పది రోజులు రత్నవ్వకు కళ్లు తిరగలేదు. మూత్రానికి మాటిమాటికి లేవడం తగ్గింది. డాక్టరమ్మ చెప్పింది నిజమేనని ఆమె ఒంటికి తెలిసింది.

ఒకరోజు హన్మాండ్లు ఎండుటాకులు తీయడానికి వచ్చి పచ్చటి పెంకులు చూశాడు.

"ఎవరు తిన్నరు గీ గుడ్లు?"

కూలివాళ్లు పని ఆపారు. పదిమంది ఆడవాళ్లు. వెంకవ్వ తల వంచుకుంది.

"నేనే" అంది రత్నవ్వ.

"దొంగతిండి తింటున్నవా? ఇంట్ల బువ్వ లేదా నీకు?"

"డాక్టరమ్మ చెప్పింది గదా, నీకు గప్పుడే..."

"డాక్టరమ్మకేం, చెప్తది. కన్నకొడుకు నోటికాడిది తీసుకచ్చి తినుమన్నదా? థూ."

అతను నేల మీద ఉమ్మి వెళ్లిపోయాడు. కాసేపటికి పని మళ్లీ మొదలైంది. రత్నవ్వ సాయంత్రం దాకా కొమ్ములు తోడింది. ఇంటికి పోయి కంచం నిండా బువ్వ పెట్టుకుని పులుసు పోసుకుని తిన్నది. ముత్తవ్వ ఎదురుగా కూర్చుని సంతోషపడింది.

"గిట్ల తినాలె. ఇప్పుడు మనిషి లెక్క ఉన్నవ్."

ఆ తర్వాత రత్నవ్వ పథ్యం మాట ఎత్తలేదు. గోలీలు ఉన్నప్పుడు వేసుకునేది, లేనప్పుడు లేదు. తొంభై ఒకటిలో కుడికాలి రెండు వేళ్లు నల్లబడితే నిజామాబాద్ దవాఖానలో తీసేశారు. హన్మాండ్లు మూడు రోజులు అక్కడే వరండాలో పడుకున్నాడు. హోటల్ నుంచి బువ్వ, పప్పు కట్టించుకొచ్చి తన చేత్తో కలిపి తినిపించాడు. చెడ్డవాడు కాదు. ఆ బువ్వ ముద్దలు మింగుతూ రత్నవ్వకు ఏడుపు వస్తే, నొప్పికి ఏడుస్తున్నదనుకుని, "జర ఓర్చుకో" అన్నాడు.

తొంభై నాలుగులో మార్కెట్ యార్డులో, పసుపు రాశి పక్కన నిలబడి బేరం వింటూ వింటూ హన్మాండ్లు కిందపడిపోయాడు. అతనికీ షుగరే. ఈసారి దేవరాజు డాక్టర్ గదిలోకి వెళ్లి ప్రతి మాట కాగితం మీద రాసుకొచ్చాడు. ఇంటికొచ్చి చదివి వినిపించాడు. రత్నవ్వ ఎనిమిదేళ్ల కింద బస్సులో చెప్పిన మాటలే అవి.

ఇల్లు మొత్తం మారిపోయింది. గట్క వాసనకు వాని పానం గుంజుతదని ముత్తవ్వ ఇంట్లో గట్క వండటమే మాన్పించింది. డెబ్బై ఏళ్ల మనిషి తెల్లవారకముందే లేచి కొడుక్కి రెండు గుడ్లు ఉడకబెట్టేది. వారానికి రెండుసార్లు కోడి. పుంటికూర, బచ్చలికూర, కాకరకాయ. కూరగిన్నె అతని ముందుకే జరిగింది. వండేది మాత్రం రత్నవ్వ. కోడి వండి, తునకలన్నీ అతనికి వేసి, చివర్లో కూర్చుని షోర్వాతో బువ్వ తినేది. అప్పటికే ఎడమకంటికి మసక కమ్మింది. బియ్యంలో రాళ్లు కనిపించేవి కావు.

ఒకరోజు హన్మాండ్లు ఇంకో గంటె బువ్వ అడిగితే రత్నవ్వ పెట్టబోయింది. ముత్తవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "చంపుతవా ఏందే వాన్ని? బువ్వ విషం వానికి."

"నాకు విషం గాదా అత్తా?"

ముత్తవ్వ నిజంగానే ఆలోచించింది. ఆమె మొహంలో కోపం లేదు. "ఆడోళ్లది ఓర్చుకునే పానం. మొగోని పానం అట్ల గాదు బిడ్డా" అంది మెల్లగా.

హన్మాండ్లు తలెత్తలేదు. తింటూనే ఉన్నాడు.

నాలుగేళ్లకు, బాల్కొండలో హన్మాండ్లు చిన్నాయన కొడుకు గంగాకిషన్ బిడ్డ పెండ్లి. హన్మాండ్లు సన్నబడి చురుగ్గా ఉన్నాడు. బంతిలో అందరూ లడ్డూలు, బువ్వ పెట్టించుకుంటుంటే అతను ఆకులో కూరలే వేయించుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకున్నారు. అతను వాళ్లకు ఏది ఎంత తినాలో చెప్పడం మొదలుపెట్టాడు. "అంతా మనసుల ఉంటది. కావాలె అనుకుంటే ఎవరైన చెయ్యచ్చు."

ఎదురు వరసలో రత్నవ్వ కూర్చుని ఉంది. గంగాకిషన్ వడ్డిస్తూ ఆమె దగ్గర ఆగి, ప్రేమతోనే అన్నాడు. "వదినా, నువ్వు గూడ అన్న లెక్క నోరు కట్టుకుంటే కాలు గట్ల కాకపోవు గదా."

రత్నవ్వ చేతిలో ముద్ద ఆకులో పెట్టింది.

"మీ అన్న కంటే ముందుగాలనే నోరు కట్టుకుంట అని చెప్పిన. కూర అడిగితే నవ్విండ్రు. నా కోళ్ల గుడ్లు రెండు తింటే మీ అన్న పదిమంది కూలోళ్లల్ల నన్ను దొంగ అన్నడు. గప్పుడు చేన్ల ఉమ్మేసిండు. అడుగు, నీ ముందలనే ఉన్నడు గదా."

గంగాకిషన్ అన్న వైపు తిరిగాడు. హన్మాండ్లు, "పెండ్లికాడ గీ ముచ్చటేందే?" అని ఆకు ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు. వచ్చేటప్పుడు బస్సులో ముందు సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ వారంలోనే రత్నవ్వ తన కూర తనే వేసుకోవడం మొదలుపెట్టింది. వండగానే, ఎవరికీ పెట్టకముందే, రెండు గంటెలు తన గిన్నెలోకి తీసేది. ముత్తవ్వ మొదటి రోజు ఏదో గొణిగింది, తర్వాత మానుకుంది. దేవరాజు మళ్లీ డాక్టర్‌కు చూపించాడు. నాలుగు నెలల్లో షుగర్ దిగింది. ఎడమకంటి చూపు మాత్రం ఇక రాదని, కుడికన్ను ఉన్నంత మేరకు కాపాడుకొమ్మని చెప్పారు.

ఒక మధ్యాహ్నం ఇద్దరే తింటున్నారు. హన్మాండ్లు ఆమె గిన్నెకేసి చూసి, "ఇప్పుడు తింటున్నవ్ గదా మంచిగ. ఇంకేం గావాలె నీకు?" అన్నాడు. రాజీకి వచ్చిన మనిషి గొంతుతోనే అన్నాడు.

రత్నవ్వ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కూరలో ఉప్పు తక్కువైంది. చెయ్యి చాచి, కనపడని ఎడమవైపు నేల మీద ఉప్పు గిన్నె కోసం తడుముతోంది. అది అతని పక్కనే ఉంది. అతను చూశాడు గాని జరపాలని తోచలేదు.