చూరు మీది మొదటి వరుస

భర్త ఎల్వుడ్ పైకప్పుల పనికి వెళ్ళే రోజుల్లో ఆర్డిత్ పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసి ఆయన చేతికిచ్చేది. మార్చిలో ఆయన పోయాక ఆ ఫ్లాస్కు తీయలేదు. ఇవాళ నిచ్చెన తనే ఎక్కింది.

మరిది బాసిల్ వంటింటి కప్పు మీద పాత షింగిల్స్, అంటే తారు పూసిన పలకలు, పీకేసి, చూరు వెంబడి కొత్తవి మొదటి వరుస కొట్టేశాడు. సాయంత్రానికి సముద్రం మీంచి పెనుగాలి వస్తుందని రేడియో చెబుతోంది.

ఆమె ఆ వరుస అంచును వేలితో ఎత్తి చూసింది. సులువుగా లేచింది.

"పలకల్ని తిరగేసి కొట్టావేం బాసిల్? పై వరుసను పట్టి ఉంచే తారు జిగురు జానెడు పైన ఉండిపోయింది. అంచుకు రావాలి కదా!"

"మా నాన్న ఇట్లాగే కొట్టేవాడు వదినా. నువ్వెళ్ళి టీ పెట్టు."

"మీ నాన్న కొట్టిన కప్పు గాలికెగిరి పక్కింటి బంగాళాదుంపల మడిలో పడిందని మీ అన్నయ్యే చెప్పి నవ్వేవాడు. మీ అన్నయ్య మాత్రం పలకల కింది ముక్కలు కోసేసి, జిగురున్న భాగాన్నే అంచున పెట్టేవాడు."

బాసిల్ ఆకాశం వంక చూశాడు. "గాలి వచ్చేలోగా ఇది పీకి మళ్ళీ కొట్టడం అవుతుందంటావా?"

"పీకకపోతే కప్పే మిగలదు. కత్తి ఇటివ్వు."

ఆమె కోసింది, అతను కొట్టాడు. పైన రెండో వరుస పరిచి, జిగురు అంటుకునేలా ఎండ ఉండగానే మోకాళ్ళతో అదిమారు. మిగతా కప్పుకి టార్పాలిన్ బిగించేసరికి గాలి మొదలైంది.

బాసిల్ తిని వెళ్ళిపోయాక ఆర్డిత్ సింకు దగ్గర నిలబడింది. ఎంగిలి పళ్ళేలు అలాగే ఉన్నాయి. కుళాయి తిప్పితే, చూరు మీద పలకలు లేచినా ఆ చప్పుడు వినపడదు. వాటినక్కడే వదిలేసి, కుర్చీ గోడ దగ్గరికి లాక్కుని, చూరు వైపు చెవి ఒగ్గి కూర్చుంది.