సీటు కింద రాయి

నా ఉద్యోగ విరమణకు ఇంకా నాలుగేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ మొదటి వారంలో, నన్ను ఉత్పత్తి విభాగం నుంచి నాణ్యత విభాగానికి బదిలీ చేశారు. హోదా సీనియర్ ఇంజనీరు. ఆ సీనియర్ అన్న మాట పని చూసి ఇచ్చారో, నెరిసిన జుట్టు చూసి ఇచ్చారో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. పటాన్‌చెరు దాటాక పాశమైలారం వెళ్లే దారిలో ఉండేది మా కర్మాగారం. అక్కడ ఆఫ్‌రోడ్ బండ్లు తయారయ్యేవి. అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే, రోడ్డు లేని చోట కూడా నడిచే జీపు తరహా వాహనాలు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. నేను ఈ కంపెనీలో చేరాను. రోడ్డు దిగి నడిచే బండ్ల పుణ్యమా అని మా ఇల్లు రోడ్డున పడకుండా గడిచింది.

కొత్త విభాగంలో నా పని, బండి కొన్నవాళ్ల దగ్గరికి వెళ్లి దానితో కాపురం ఎలా ఉందో అడగడం. దీనికొక పద్ధతి ఉంది. కంపెనీ ఇచ్చిన ట్యాబ్‌లో ఇరవై రెండు ప్రశ్నలుంటాయి. ఇంజను, క్లచ్, సీట్లు, హారన్, ఇలా ఒక్కొక్కదానికీ పదికి ఎన్ని మార్కులో యజమాని చెప్పాలి, నేను నొక్కాలి. అంతకు ముందు ఛాసిస్ నంబరు, అంటే బండి చట్రం మీద చెక్కిన గుర్తు సంఖ్య, సరిచూసుకోవాలి. ఆ తరువాత బండి పక్కనే నిలబడి మాట్లాడాలి. ఈ "బండి పక్కనే" అన్నది నిబంధన. లేకపోతే యజమాని ఇంట్లో కూర్చుని చాయ్ తాగుతూ ఊహించి నింపేస్తామని పైవాళ్ల అనుమానం. చాయ్ విషయంలో నా చరిత్ర తెలిసినవాళ్లెవరూ ఆ అనుమానాన్ని తప్పుపట్టరు.

నేను చేరిన వారానికే ఒక ఫిర్యాదు దస్త్రం నా బల్ల మీదికి వచ్చింది. సంగారెడ్డి మార్కెట్‌లో ధాన్యం, పప్పుల వ్యాపారం చేసే వీరేశం సేటు మా బండి వాడేవాడు. వెనక సీటు మడిచి బస్తాలు వేసేవాడు. ఒకరోజు మధ్యాహ్నం గోదాం ముందున్న వాలులో నిలిపిన ఆ బండి తనంతట తానే వెనక్కి దొర్లి, ఎదుటివాళ్ల ప్రహరీగోడను కూల్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఫిర్యాదు చేసింది సేటు కాదు. ఆయన దగ్గర తొమ్మిదేళ్లుగా డ్రైవరుగా ఉన్న యాదయ్య. హ్యాండ్‌బ్రేకు వేయకుండా దిగిపోయాడని సేటు అతన్ని పనిలోంచి తీసేశాడు.

యాదయ్య మా గేటు దాకా వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. సెక్యూరిటీ గదిలో కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నేను గుంజిన సారు. అబద్ధమైతే ఈ శెయ్యి కొట్టేయున్రి. మార్కెట్ల ఎవలు పని ఇస్తలేరు. బండి ఇడిసిపెట్టి పోయెటోడు అని పేరు వెట్టిన్రు."

ఇలాంటి దస్త్రం చివర రెండు గడులుంటాయి: "తయారీ లోపం", "వాడకంలో పొరపాటు". ఏదో ఒకదానిలో గుర్తు పెట్టి నెలాఖరు సమావేశంలో ముగించాలి. రెండో గడిలో గుర్తు పడితే, యాదయ్య అబద్ధమాడాడని కంపెనీ ముద్ర వేసినట్టే. అదే బండి వాడే మరికొందరి అభిప్రాయం తీసుకుంటానని, లోపమంటూ ఉంటే బయటపడుతుందని అతనికి చెప్పాను.

"మీరు అడిగితె వాళ్లు చెప్తరా సారు?" అన్నాడు.

"ఇరవై రెండు ప్రశ్నలున్నాయి" అన్నాను. చాలా ధీమాగానే అన్నాను.

జాబితాలో పదకొండు మంది. వీరేశం సేటును చివర ఉంచుకున్నాను. మొదట ఇస్నాపూర్‌లో కార్మికులకు గదులు కిరాయికిచ్చే ఒకాయన. బండి పక్కన నిలబడి అన్నిటికీ పదేసి మార్కులు వేశాడు. ట్యాబ్ మూయగానే మోచేయి పట్టుకుని నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకుపోయాడు.

"బండి ముంగట తిట్టొద్దు సారు. అది ఇంటది. రేపు నడిమిట్ల నిలవడుతది" అని గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. వెనక సీట్లో కూర్చుంటే వాళ్లమ్మ నడుం పట్టేసిందట. ఎక్కడానికి ఆమెకు ప్లాస్టిక్ స్టూల్ కావాలట. ఆ స్టూల్ తీసుకుపోవడం మరిచిపోయి ఒకసారి పెళ్లి అయిపోయేదాకా ఆమెను బండిలోనే కూర్చోబెట్టారట. డీజిల్ మాత్రం మస్తు తాగుతుందట.

"మరి అమ్మేయకూడదా?" అన్నాను.

"ఏమో సారు, గల్లీల ఇది నిలవడితె అదో ఇజ్జత్" అన్నాడు. లీటరుకు కిలోమీటర్లు తక్కువైనా లీటరుకు ఇజ్జత్ ఎక్కువ అని ఆయన హిసాబు.

రుద్రారం దగ్గర టమాటా పండించే రైతు, బురదలో దిగబడిన ట్రాక్టర్‌ను మా బండితో లాగిన కథ రెండుసార్లు చెప్పాడు. తరువాత చెట్ల చాటుకు తీసుకెళ్లి, ఇంత ఒడ్డూ పొడుగూ ఉన్న బండిలో ఒక నీళ్ల సీసా పెట్టుకునే తావు లేదని, దీన్ని గీసినవాడు ఎండాకాలం ఎన్నడూ చూడలేదని వాపోయాడు. పాశమైలారంలో పైపుల కాంట్రాక్టరు గోడ మలుపు తిరిగాక గానీ నోరు విప్పలేదు. మే నెలలో స్టీరింగు పట్టుకోవాలంటే తడిగుడ్డ కావాలన్నాడు. నిబంధన ప్రకారం బండి పక్కన పది, నిజం ప్రకారం గోడ పక్కన ఆరు. పదులన్నీ ట్యాబ్‌లోకి, ఆరులన్నీ నా జేబులోని చిన్న నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను.

ఒక్క హ్యాండ్‌బ్రేకుకు మాత్రం ట్యాంకు వెనకా పదే, చెట్ల చాటునా పదే. పది మందినీ గుచ్చి గుచ్చి అడిగాను. మంచిగున్నది, ఫికర్ లేదు అన్నారు. ఆ బండ్లలో కొన్నింట సీటు కింద ఒక రాయి ఉండేది. ఒకరి దగ్గర ఎర్ర గ్రానైట్ ముక్క, ఒకరి దగ్గర షాబాదు బండ చెక్క, ఇంకొకరి దగ్గర గోనెపట్టాలో చుట్టిన ఇటుక. చక్రం మార్చేటప్పుడు అడ్డం పెట్టుకోవడానికి కాబోలు అనుకుని ముందుకు సాగాను. రాళ్ల గురించి నా ట్యాబ్‌లో ప్రశ్న లేదు మరి.

సంగారెడ్డికి బయలుదేరిన ఉదయం యాదయ్య ఫోన్ చేశాడు. ఏమన్నా తెలిసిందా అని అడిగాడు. ఇంకొక్కరే మిగిలారని చెప్పాను. ఆ ఒక్కరు ఎవరో అతనికి తెలుసు. సరే సారు అని పెట్టేశాడు. అప్పటికి నా మనసులో రెండో గడిలో గుర్తు పడే ఉంది.

వీరేశం సేటు మర్యాదస్తుడు. యాదయ్యను తీసేశాక బండి తనే నడుపుకుంటున్నాడు. అప్పుడే కందుల బస్తాలతో వచ్చి గోదాం ముందు వాలులో ఆపాడు. ఇద్దరు హమాలీలు వెనక తలుపు తెరిచారు. బండి పక్కనే నిలబడి ప్రశ్నలు మొదలుపెట్టాను.

"హ్యాండ్‌బ్రేకు?"

"పది. పదకొండుంటె పదకొండు వేయున్రి. గుంజితె గుంజినట్టె ఉంటది. గుంజనోనిది తప్పు సారు, బండిదేం తప్పు?"

పది నొక్కాను. హమాలీ మొదటి బస్తా భుజానికెత్తుకోబోతున్నాడు. సేటు నా మీది చూపు తిప్పకుండానే గొంతు పెంచాడు.

"ఏ, రాయి పెట్టిన్రా?"

"పెట్టినం సేట్!"

"ఆఁ, హారన్ గూడ మంచిగనె ఉన్నది సారు. దానికీ పది."

నా వేలు హారన్ దగ్గరే ఆగిపోయింది. గ్రానైట్ ముక్క, షాబాదు చెక్క, ఇటుక, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వాటితోపాటు ఇంకొక రాయి కూడా. కంపెనీ నాకిచ్చిన బండి ఇదే రకం. దానిలో విడిభాగాల పెట్టెలు వేసుకుని ఇస్నాపూర్ డిపోకు వెళ్లినప్పుడల్లా, దించే ముందు వాచ్‌మన్ ఒక రాయి తెచ్చి ఇచ్చేవాడు, నేను వంగి చక్రం కింద పెట్టేవాణ్ణి. ఉత్పత్తి విభాగంలో ఉన్నప్పటి నుంచీ, ఏడాదిగా పెడుతున్నాను. ఎందుకు అని నన్ను నేనెన్నడూ అడగలేదు. నాణ్యత విభాగానికి నన్ను ఏరి కోరి తెచ్చుకున్నారు.

"రాయి ఎందుకు సేటు?"

"ఊకెనె సారు. సంచులు దించేటప్పుడు పెట్టుకుంటం. అలవాటు."

"ఎక్కించేటప్పుడు?"

"ఎక్కిచ్చేటప్పుడు ఎందు…" అని సేటు సగంలో ఆగాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఒక చిన్న పరీక్ష చేద్దామన్నాను. ఒప్పుకున్నాడు. రాయిని జానెడు వెనక్కి జరిపించాను. దాని వెనక ఇంకో రెండు పెద్ద రాళ్లు పెట్టించి, వాలు దిగువన ఎవరూ లేకుండా చూశాను. హ్యాండ్‌బ్రేకు సేటునే మళ్లీ లాగమన్నాను. లీవరు కింది పళ్లు ఏడుసార్లు టక్కుమన్నాయి. బండి కదల్లేదు. బస్తాలు ఒక్కొక్కటే దించమన్నాను. బరువు తగ్గుతున్న కొద్దీ బండి వెనక భాగం పైకి లేస్తూ వచ్చింది. ఎనిమిదో బస్తా దిగింది. తొమ్మిదోది హమాలీ భుజం మీదికి వెళ్లగానే, ఏ చప్పుడూ లేకుండా బండి వెనక్కి జరిగి, రాయికి ఆనుకుని నిలబడింది.

పెద్ద హమాలీ బస్తా మోస్తూనే తిరిగి చూశాడు. "ఏంది సేట్, బ్రేక్ గుంజలేదా ఏంది?"

"గుంజిన రా! నా చేతులతోటి గుంజిన!"

సేటు వంగి, రాయికి ఆనిన చక్రాన్ని చూశాడు. హమాలీలు మిగిలిన బస్తాలు ముట్టుకోలేదు.

సంగతి ఇది. హ్యాండ్‌బ్రేకు లీవరు చట్రానికి బిగించి ఉంటుంది. అది పట్టుకునేది వెనక చక్రాలను. రెంటినీ కలిపేది ఒక ఇనుప తీగ. వెనక బరువు పడితే స్ప్రింగు పట్టీలు సాగి ఇరుసు కొద్దిగా వెనక్కి జరుగుతుంది, తీగ బిగుస్తుంది. ఆ బిగువు మీద డ్రైవరు బ్రేకు లాగుతాడు, బాగానే పట్టినట్టుంటుంది. బరువు దించితే ఇరుసు తిరిగి ముందుకొస్తుంది, తీగ వదులవుతుంది. మా కర్మాగారంలో ఈ బ్రేకును నిండు బరువుతో వాలు మీద పరీక్షిస్తాం, ఖాళీగానూ పరీక్షిస్తాం. రెండింట్లోనూ నెగ్గింది. బ్రేకు లాగి ఉంచి బరువు దించడమన్నది మా పరీక్షల పట్టికలో లేదు. సంగారెడ్డి మార్కెట్‌లో రోజూ ఉంది.

గోడ కూలిన రోజు బస్తాలు దించే ముందు రాయి పెట్టారా అని హమాలీలను అడిగాను. ఆ రోజు రాయి దొరకలేదని, సేటే తొందర పెట్టాడని పెద్ద హమాలీ చెప్పాడు. సేటు కాదనలేదు.

బండికి ఆనుకునే నిలబడి సేటు ఫోన్ తీశాడు. కాస్త పక్కకు వస్తారా అని అలవాటు కొద్దీ అడిగాను.

"ఎందుకు సారు? ఇంటె ఇననీ" అని నంబరు నొక్కాడు. "యాదయ్యా, యాడున్నవ్? … రేపు సదాశివపేట పోయేదున్నది, పొద్దుగాల్నె రా. … గుంజినవ్ తీ. గుంజినవ్. సారు ముంగట్నె చెప్తున్న, హమాలీలు గూడ ఇంటున్రు. … ఆఁ. … ఆఁ, సరె, రాయి నేనె పెడ్త."

నెలాఖరు సమావేశంలో మా మేనేజరు మొదట అడిగిన ప్రశ్న, హ్యాండ్‌బ్రేకు బాగాలేదని ఎంతమంది యజమానులు అన్నారని. ఒక్కరూ అనలేదని చెప్పాను. మరి లోపమని ఎలా రాశారని అడిగాడు. సమావేశానికి ముందే నేను మళ్లీ అందరి దగ్గరికీ తిరిగి వచ్చాను. పదకొండు మందిలో సరుకు మోసేవాళ్లు ఏడుగురు. ఏడుగురి బండ్లలోనూ రాయి ఉంది. మోయని నలుగురి బండ్లలో లేదు. రాయి పెట్టుకునేవాళ్లకు బ్రేకుతో ఇబ్బంది రాలేదు, అందుకే పది వేశారని వివరించాను. మేనేజరు నమ్మలేదు, కానీ మా ఆవరణలోని పరీక్ష వాలు మీదికి ఇసుక బస్తాలు తెప్పించాడు. ఆరో బస్తాకే నమ్మాడు. తీగను చట్రానికి పట్టి ఉంచే కొక్కెం స్థానం మార్చారు. అమ్మిన బండ్లను సర్వీసుకు పిలిచి సరిచేశారు. దస్త్రంలో మొదటి గడిలో గుర్తు పెట్టి, ఒక నకలు యాదయ్యకు పంపించాను. దాన్ని అతను మార్కెట్‌లో అందరికీ చూపించాడని తరువాత విన్నాను.

ట్యాబ్‌లో రెండు మార్పులకు నేను దరఖాస్తు పెట్టుకున్నాను. బండి పక్కనే నిలబడాలన్న నిబంధన తీసేశారు. దానివల్ల నా చాయ్‌కి కూడా లాభించిందన్నది నిజమే. ఇరవై మూడో ప్రశ్న ఒకటి చేర్చారు: కంపెనీ ఇవ్వకపోయినా మీరు బండిలో పెట్టుకున్న వస్తువులేవి? ప్లాస్టిక్ స్టూల్, తడిగుడ్డ, సీసా కట్టుకునే తాడు, అన్నీ దానికి జవాబులుగా వచ్చాయి. తరువాతి నమూనాలో ఎక్కే మెట్టు కిందికి దిగింది, సీసాకు తావు దొరికింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. తను సర్దుకుపోయిన లోపాన్ని మనిషి లోపమని చెప్పడు. చెప్పకూడదని కాదు, అది అతనికి కనబడదు. కాబట్టి మార్కులు అడిగే ముందు సీటు కింద చూడాలి. ఇరవై మూడో ప్రశ్నకు ట్యాబ్‌లో నమోదైన మొదటి జవాబు ఇప్పటికీ ఉండే ఉంటుంది: రాయి, ఒకటి. బండి వాడేవారి పేరు దగ్గర నా పేరే ఉంటుంది.