జొన్నచేలో బుగ్గ ఆర్పిన రాత్రి

హైదరాబాద్‌లో మా వీధి దీపం నేరుగా నా మంచం మీద పడుతుంది. పరదా కట్టాను, ముఖానికి చున్నీ చుట్టుకున్నాను, అయినా నిద్ర అంతంతమాత్రమే. ఆఫీసులో పద్మ నా గోల భరించలేక, "పాన్‌గల్ దగ్గర మా అన్న చేనుకాడికి పో. చీకటంటే ఏందో తెలుస్తది," అంది. అలా 2007 డిసెంబరులో అమావాస్య చూసుకుని బయల్దేరాను.

పొద్దున ఎనిమిదికి ఇమ్లీబన్‌లో బస్సెక్కితే వనపర్తి చేరేసరికి పన్నెండైంది. టికెట్టు ఎనభై లోపే. అక్కడి నుంచి పాన్‌గల్‌కు షేర్ ఆటో, పదిహేను రూపాయలు. చీకటి కోసం వచ్చానంటే డ్రైవర్ నన్ను ఎగాదిగా చూశాడు. "మేం కరెంటు లేక పరేషానైతుంటే, నువ్వు చీకటి కోసం వస్తివా?"

తీరా చేను చేరితే, బోరు మోటారు పక్కన గుంజకు పెద్ద బల్బు, ఇక్కడివాళ్ల మాటల్లో బుగ్గ, వేలాడుతోంది. నాకు ఒళ్లు మండింది. చేను గట్టు మీది గుడిసెలో పద్మ వదిన లక్ష్మమ్మ జొన్నరొట్టె, పుంటికూర (గోంగూర) పెట్టి, నన్ను సాళ్లలోకి తీసుకెళ్లింది.

"సూడక్కా, చేనంతా కంకేసింది. ఈ బుగ్గ సుట్టూ ఉన్నది ఏపుగ పెరిగింది గని, ఒక్క కంకి లేదు."

రాత్రి పొడుగ్గా ఉంటేనే జొన్న కంకి వేస్తుందని, ఇప్పుడైనా ఆర్పేస్తే ఆలస్యంగా వేయొచ్చని వ్యవసాయాధికారి చెప్పాడట. మరి ఎందుకు ఆర్పలేదని అడిగాను.

"నిరుడు ఈడనే మా ఆయన్ను పాము కరిచింది. దవాఖానల బతికిండు. మోటరు కరెంటేమో రాత్రే ఇస్తరు. రొట్టె సూసుకోవాల్నా, మనిషిని సూసుకోవాల్నా?"

సాయంత్రం ఆమె భర్త సాయన్నే బల్బు విప్పేశాడు. "ఏడాది తిండి గిది. నేను పైలంగ, కింద సూసుకుంట పోత," అన్నాడు.

పదకొండుకు కట్టె, మిణుకుమిణుకుమనే టార్చీ పట్టుకుని మోటారుకు బయల్దేరాడు. ఇక్కడొక అలవాటుంది. గుడిసె దగ్గరున్నవాళ్లు మధ్యమధ్యలో పిలవాలి, వెళ్లిన మనిషి పలకాలి.

"ఉన్నవా?"

"ఉన్న."

రెండోసారీ పలికాడు. మూడోసారి పలకలేదు. లక్ష్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నెత్తిమీద ఆకాశం నిండా చుక్కలు, ఒక్కదాన్నీ నేను చూడలేదు. అప్పుడు మోటారు చప్పుడు, ఆ వెనకే గొంతు: "ఉన్న. టార్చీ ఆరిపోయింది, తడుముకుంట ఉన్న."

ఆ రాత్రి నేను ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. చీకటి జొన్నకూ కావాలి, నాకూ కావాలి. మోటారు కరెంటు పగటిపూట ఇస్తే, సాయన్న కూడా చీకటికి భయపడనక్కర్లేదు. మీరు వెళ్లేటట్లయితే రెండు మంచి టార్చీలు పట్టుకెళ్లండి. ఒకటి అక్కడే ఇచ్చి రండి.