జీపులో చోటు దొరికిన కెమెరా

జీపులో కాశ్మీరు దాకా పోదామనుకున్న రోజులవి. నాకున్న రెండు కెమెరాల్లో జీపులో ఒక్కదానికే చోటుంది. ఏది నయమో చూద్దామని రెంటినీ వెంటబెట్టుకుని కరీంనగర్‌లో ఆదిలాబాద్ బస్సెక్కాను. మనసు మాత్రం చేతిలో ఇమిడే చిన్నదాని మీదే ఉంది. మూడుకాళ్ల మీద నిలబెట్టి, నల్లగుడ్డలో తలదూర్చి తీసే పెద్దదాంతో ఎవరు వేగుతారు?

ఆసిఫాబాద్‌లో ఇంజనుకు నీళ్లు పోయడానికి బస్సు ఆపారు. కింద మూట మీద కూర్చున్న ఒక పెద్దావిడను కిటికీలోంచే చిన్నదాంతో టక్కున బొమ్మ తీశాను. చప్పుడు విని ఆమె నేరుగా నా దగ్గరికొచ్చింది.

"ఏం కొడుకా, దొంగ లెక్క తీస్తవా? నెత్తి దువ్వుకోలే, కొంగు సర్దుకోలే. నా బొమ్మల నేను మంచిగుండొద్దా?"

నవ్వొచ్చింది. దిగి పెద్ద కెమెరా నిలబెట్టాను. ఆమె బస్సు అద్దంలో చూసుకుంటూ తీరుబడిగా తల దువ్వుకుంది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"జర ఆగు! తయారైతున్న కనవడ్తలేదా?"

డ్రైవరు ఆగాడు. ఆమె కొంగు కప్పుకుని, నిటారుగా నిలబడి, కెమెరా వైపు సూటిగా చూసింది.

"ఇగ తియ్యి."

జీపు బయల్దేరిన రోజున చిన్న కెమెరా ఇంట్లోనే ఉండిపోయింది. కాశ్మీరు దాకా దారి పొడవునా భాషలు మారాయి. ఎవరి భాషలో వాళ్లు ఆ మాట అన్నాకే నేను బొమ్మ తీశాను.